గుట్టబండి ఆగని చోటు

దయ్యాల విషయంలో మా కాలనీలో నాకు మంచి పేరు లేదు. ఎవరైనా అలాంటి ముచ్చట మొదలుపెట్టాక నేను కనిపిస్తే మాట మార్చేసేవాళ్ళు. ఒకసారి పాత పంపు హౌసులో ఎవరో ఆడమనిషి మూలుగుతోందని వారం రోజులు చెప్పుకున్నారు. నేను వెళ్ళి, సరిగా మూసుకోని ఒక వాల్వు దగ్గర ఆ మూలుగు పుడుతోందని చూపించాను. వాల్వు బిగించాక మూలుగూ ఆగింది, కథా ఆగింది.

అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇందులో దయ్యం ఉందని నేను అనడం లేదు. అలాంటిది ఉందని ఇప్పటికీ నమ్మను. మరి ఏముందని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను శక్తినగర్‌లో కరెంటు ప్లాంటు ఉద్యోగిని. కంట్రోల్ రూములో కూర్చుని మీటర్ల సూదులు, దీపాలు, అంకెలు చూడటం నా పని. బాయిలర్ లోపల ఏం జరుగుతోందో మేం కళ్ళతో చూడం. సూది చెప్పింది నమ్ముతాం. రెండు సూదులు రెండు రకాలుగా చెబితే మూడోదాన్ని చూస్తాం. ఆ రోజు జరిగినదాన్ని కూడా నేను అట్లాగే చూడబోయాను. దానివల్ల ఏమీ తేలలేదు.

మాది రాయచూరే. తీన్ ఖందీల్ దగ్గర ఒక సందులో పెరిగాను. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, నన్ను పెంచింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. జాకెట్లు కుట్టి నన్ను డిప్లొమా దాకా చదివించింది. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలోకి పోయి ఉర్దూలో ముగించేలా తిట్టగలదు. నాకు ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, కూతురు పుట్టినా, ఆమె మాత్రం తన మిషను వదిలి మా క్వార్టర్స్‌కి రానంది. ఎప్పుడైనా ఆదివారం వచ్చినా సోమవారం ఉదయం మళ్ళీ బస్సెక్కేసేది.

ఇక రైలు సంగతి. ప్లాంటు కట్టే రోజుల్లో పునాదులకు రాయి, కంకర తేవడానికి ఒక గుట్ట దాకా పట్టాలు వేశారు. మొత్తం ఆరు కిలోమీటర్లు. ఒక చిన్న ఆవిరి ఇంజను ఆ రాళ్ళ బళ్ళను లాగేది. కట్టుబడి అయిపోయాక పట్టాల మధ్య తుమ్మచెట్లు మొలిచాయి. ఇంజను ఒక రేకుల షెడ్డులో తుప్పు పట్టింది.

దాన్ని మళ్ళీ నడపాలనే పిచ్చి మాలో కొంతమందికి పట్టింది. రైల్వేలో ఆవిరి ఇంజన్లు నడిపి రిటైరైన తిమ్మప్ప, గూడ్సు గార్డుగా రిటైరైన సత్తార్ సాబ్, రాయచూరులో కన్నడం లెక్చరర్ బసవరాజు, ప్లాంటులో పనిచేసే నాలాంటివాళ్ళం ఆరేడుగురం. నాలుగేళ్ళు ఆదివారాలన్నీ దానికే పోయాయి. తుమ్మలు కొట్టాం, పట్టాల కింది చెక్క స్లీపర్లు మార్చాం. పాత వ్యాగన్ల చట్రాల మీద చెక్క బల్లలు బిగించి, పైన రేకులు వేసి రెండు పెట్టెలు చేశాం. చలికాలంలో నెలకొక ఆదివారం పగటిపూట నడిపేవాళ్ళం. చుట్టుపక్కల జనం దానికి గుట్టబండి అని పేరు పెట్టారు.

రాయచూరు పక్క యరమరస్‌లో కొత్త ప్లాంటు వస్తుందన్న మాట అప్పుడప్పుడే మొదలైంది. మా పాప హారిక అయిదో తరగతి. ఆ చలికాలం ఒక ఆదివారం మా కుటుంబాల కోసమే బండి నడపాలనుకున్నాం. విషయం తెలిసి చిన్నమ్మ తనంతట తానే వస్తానంది. ప్రతి ఆదివారం మొహానికి మసి పూసుకుని వస్తావు, ఆ ఇనుపముక్కలో ఏముందో నేనూ చూస్తాను అంది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. ఎడమ మోకాలు సరిగా వంగదు. చేతికర్ర లేకుండా పది అడుగులు వేయలేదు.

ఆ ఉదయం నేను చీకటితోనే వెళ్ళి బొగ్గు ఎత్తాను. ఇది ఎందుకు రాస్తున్నానంటే, నా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. సబ్బుతో ఒకసారికి పోయే మసి కాదది. పది గంటలకు పద్మ, హారిక, చిన్నమ్మ వచ్చారు. పాపను ఎత్తి పెట్టెలో ఎక్కించేసరికి దాని గౌను నడుము దగ్గర నా అయిదు వేళ్ళూ పడ్డాయి. పద్మ విసుక్కుంది. చిన్నమ్మను మాత్రం సత్తార్ సాబ్, తిమ్మప్ప పట్టుకుని ఎక్కించారు. నా చేతులు చూసి ఆమే నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఆమె కట్టుకున్నది లేత పసుపు చీర.

పెట్టెలు నేలకు చాలా ఎత్తు. ప్లాట్‌ఫారాలు లేవు కాబట్టి పట్టాల రెండు చివర్లా చెక్క మెట్లు పెట్టాం. అవి అక్కడే ఉంటాయి, బండితో రావు. మధ్యలో ఎక్కడైనా దిగాలంటే పెట్టె నేల నా ఛాతీ దాకా వస్తుంది. పిల్లలు దూకగలరు. మేం వేలాడి దిగేవాళ్ళం.

మేం వెనక పెట్టెలో ఎక్కాం. నేను, పద్మ, హారిక ముందు వరస బల్ల మీద. చిన్నమ్మకు కాలు చాపుకోవాలి కాబట్టి చివరి బల్ల మొత్తం ఆమెకే ఇచ్చారు. ఆమె పక్కనే దిగే దారి. దానికి తలుపు లేదు, అడ్డంగా గొలుసు తగిలిస్తాం. ఆమె వెనక చెక్క అడ్డం, ఆ అవతల గార్డు నిలబడే చోటు. అక్కడ సత్తార్ సాబ్ ఉన్నాడు. మధ్య బల్లల మీద మా వాళ్ళ కుటుంబాలు. ముందు పెట్టెలో బసవరాజు. అతనికి ఇంజను శబ్దాలంటే ప్రాణం. ప్రతి ప్రయాణమూ మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేసుకునేవాడు.

బండి బయల్దేరింది. పొట్లాల్లో తాలింపేసిన మరమరాల మండక్కి ఒగ్గరణ, మిర్చి బజ్జీలు పంచారు. హారిక సగం తిని సగం ఒలకబోసింది. రెండు పక్కలా తొగరి (కంది) చేలు, పత్తి చేలు, వెనక ప్లాంటు పొగగొట్టాలు. గాలికి మసి కళ్ళలో పడుతోంది. నేను ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. చిన్నమ్మ కొంగు తల మీదుగా కప్పుకుని బయటకి చూస్తోంది. బాగుందా అన్నట్టు చెయ్యి ఊపాను. తల ఊపింది. ఆ ప్రయాణంలో నేను ఆమెను చూడటం అదే ఆఖరు.

నాలుగో కిలోమీటరు దగ్గర ఎత్తు మొదలవుతుంది. అక్కడ బండి మనిషి పరుగంత వేగానికి తగ్గి, ఇంజను భారంగా ఎగశ్వాస తీసుకుంటున్నట్టు ఎక్కుతుంది. నాకు గుర్తున్నంత వరకు, అక్కడే బండి ఆగింది.

కుదుపు లేదు. ఇంజను శబ్దం సన్నగిల్లి ఆగిపోయింది. నేను ఎడమవైపు చూస్తున్నాను. ఒక ముళ్ళకంప, దానికి చిక్కుకున్న ఎర్ర గుడ్డ ముక్క. అది నా ఎదురుగా కదలకుండా చాలాసేపు ఉంది. ఆవిరి సరిపోక తిమ్మప్ప ఆపాడేమో అనుకున్నాను. పద్మ పాపకు జడ విప్పి మళ్ళీ అల్లుతోంది. ఎవరూ ఏమీ అనలేదు. ఎండ వెచ్చగా ఉంది. రెండు మూడు నిమిషాలు అయి ఉంటాయి. వెనక నుంచి సత్తార్ సాబ్ విజిల్ వినిపించింది. ఎర్ర గుడ్డ మెల్లగా వెనక్కి జరిగింది. అంతే. ఇందులో వింత ఉందని ఆ క్షణంలో నాకు తట్టనే లేదు.

గుట్ట దగ్గర బండి ఆగాక అందరూ మెట్ల మీదుగా దిగుతున్నారు. చిన్నమ్మను దింపాలని వెనక్కి వెళ్ళాను. బల్ల ఖాళీగా ఉంది. బల్ల మీద ఆమె చేతిసంచి. కింద చేతికర్ర. దారికి గొలుసు తగిలించే ఉంది.

సత్తార్ సాబ్‌ని అడిగాను. ముందుకు వెళ్ళి మా దగ్గర కూర్చుందనుకున్నానన్నాడు. అతను నిలబడే చోటు నుంచి ఆ బల్ల కనిపించదు. మధ్య బల్లల వాళ్ళు తమను దాటి ఎవరూ రాలేదన్నారు. నడిచే బండి నుంచి పడిపోయిందేమోననే అందరికీ తట్టింది.

నేను మాత్రం కొంచెం ధైర్యంగానే ఉన్నాను. తిమ్మప్ప దగ్గరికి పరుగెత్తి, ఎత్తు మీద ఆగినప్పుడు దిగి ఉంటుంది, బండి వెనక్కి పోనియ్యమని చెప్పాను. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగి నన్ను చూశాడు.

"బండి యాడ నిలిచింది సారూ?"

నాలుగో కిలోమీటరు దాటాక అన్నాను.

"ఆ ఎత్తు మీద నిలిపితే ఈ ఇంజను మళ్ళ లేస్తదా? యాడా నిలపలే. మీకేమైంది?"

అతని పక్కన బొగ్గు వేసే మనిషి కూడా ఆగలేదనే అన్నాడు. ఆగని బండి నుంచి చిన్నమ్మ ఎట్లా దిగుతుంది? ఇంజనుకు కొత్తగా నీళ్ళు పట్టి, వెనక్కి నడపడానికి సిద్ధం చేయాలంటే అరగంట పడుతుంది. నేను పట్టాల వెంట పరుగెత్తాను. సత్తార్ సాబ్ ఆయాసపడుతూ వెనక వచ్చాడు.

ఆ రెండు కిలోమీటర్లలో నేను చూసింది పట్టాల పక్కన నేలను మాత్రమే. పసుపు రంగు ఏది కనిపించినా ఆగి చూశాను. ఒకచోట తంగేడు పూలు, ఒకచోట ఎరువు సంచి. ఆమె పడిపోయి ఉంటే ఎట్లా ఎత్తుకెళ్ళాలి, ఏ దారిన రోడ్డెక్కాలి అని ఆలోచిస్తూ పరుగెత్తాను. మనసు ఇంకోవైపు, బండి ఆగింది, ఆగింది అంటూనే ఉంది.

చిన్నమ్మ పడి లేదు. పట్టాలకు, గుట్టకు పోయేటప్పటి కుడివైపు, మేం తీసి పేర్చిన పాత స్లీపర్ల దొంతర మీద కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన జతగా పెట్టుకుంది. చీర మీద మట్టి లేదు. ఎక్కడా గీరుకున్న గుర్తు కూడా లేదు. నేను దగ్గరికి వచ్చేదాకా కదలకుండా చూసి, తర్వాత అడిగింది.

"యాడికి పోతివిరా ఇంతసేపు? నీళ్ళేవి?"

ఏ నీళ్ళు చిన్నమ్మా అన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"నువ్వే గద దింపినవ్. నీళ్ళు పట్టుకొస్త, గీడనే కూసో అంటివి. నేను గిట్ల కూసున్న, బండి నా కండ్ల ముందల్నే పాయె. నువ్వు లోపల కూసోని అటుదిక్కు సూస్తుంటివి. పిలిస్తె పలకవైతివి."

నేను దిగలేదని చెప్పాను. ఆమె నా భుజం మీదుగా పట్టాల అవతలికి చూసింది. అప్పుడు నేను కూడా తిరిగి చూశాను. ఎదురుగా, పట్టాలకు అవతలివైపు, ముళ్ళకంపకు ఎర్ర గుడ్డ ముక్క వేలాడుతోంది.

సత్తార్ సాబ్ తన సీసాలో నీళ్ళిచ్చాడు. ఆమె సగం తాగి, సగంతో మొహం కడుక్కుంది. కాసేపటికి తిమ్మప్ప బండిని వెనక్కి నడుపుకుంటూ వచ్చి మా దగ్గర ఆపాడు. మెట్లు లేవు. స్లీపర్లు మూడు వరసలు పేర్చి, మిగతావాళ్ళు నలుగురు పట్టుకుని, ఆమె నొప్పితో అరుస్తుంటే, అతికష్టం మీద పైకి ఎక్కించగలిగారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. దారి పొడుగునా పద్మ పక్కన కూర్చుంది.

ఇంటికి వచ్చాక నేను మూడో సూది కోసం వెతకడం మొదలుపెట్టాను.

పద్మది తుర్విహాళ దగ్గర ఒక వలస రైతుల క్యాంపు. కాలవలు వచ్చాక గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఏదైనా ముక్కుసూటిగా చెప్పే మనిషి. "బండి ఎక్కడా ఆగలేదండీ. మీరు నా పక్కనించి లేవనూ లేదు. కుదుపుల్లో పాపకి పాయలు సరిగా కుదరక మూడుసార్లు విప్పి అల్లాను, నాకు తెలీదా?" అంది. మధ్య బల్లల మీద కూర్చున్నవాళ్ళను తర్వాత అడిగాను. ఆగలేదన్నవాళ్ళే అందరూ. ఒకామె మాత్రం ఆగినట్టే ఉంది అని, భర్త ఆగలేదనగానే, ఏమో మరి అంది.

హారికను అడగకుండా ఉండాల్సింది. అడిగాను. బండి ఆగిందంది. నువ్వు దిగినవ్ గదా నాన్నా అంది. కానీ అది అప్పటికే అవ్వ చెప్పిందంతా విని ఉంది. రెండు రోజుల తర్వాత మళ్ళీ అడిగితే గుర్తు లేదంది. పిల్ల మాటను నేను లెక్కలోకి తీసుకోలేదు.

చిన్నమ్మ ఆ సాయంత్రం చీర మార్చుకున్నాక, విప్పిన పసుపు చీరను నేను దీపం కింద పరిచి చూశాను. ఆమెను ఎవరైనా అంత ఎత్తు నుంచి దింపాలంటే నడుము పట్టుకోవాలి, లేదా చంకల కింద చేతులు పెట్టాలి. నా చేతులైతే ముద్రలు పడి తీరాలి. పాప గౌను మీద పడ్డవి ఉతికినా పోలేదు. చీర మీద ఒక్క నల్లమచ్చ లేదు. నాకు కొంత ఊరట కలిగింది. నేను కాదు. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. నేను కాకపోతే మరెవరు?

తర్వాతి ఆదివారం బసవరాజు ఇంటికి వెళ్ళాను. అతను రికార్డింగు వినిపించాడు. గడియారం పెట్టుకుని విన్నాను. బయల్దేరిన విజిల్ నుంచి గుట్ట దగ్గర ఆగేదాకా ఇంజను చప్పుడు ఒక్కచోట కూడా తెగలేదు. ఎత్తు మీద నెమ్మదించింది, బరువెక్కింది, కానీ ఆగలేదు. మధ్యలో గార్డు విజిల్ లేదు. మూడుసార్లు విన్నాను. నాలుగోసారి అడగడానికి మొహమాటమేసింది. బసవరాజు భార్య టీ తెచ్చి నా మొహం చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

అక్కడితో తేలిపోయిందనుకున్నాను. బండి ఆగలేదు. నేను కునుకు తీసి ఉంటాను, ఆగినట్టు కల వచ్చి ఉంటుంది. ఎత్తు మీద బండి నెమ్మదించినప్పుడు చిన్నమ్మ ఎట్లాగో తనే దిగి ఉంటుంది. ఎట్లా దిగిందో ఆమెకు గుర్తుండకపోవచ్చు. బంధువులందరూ చివరికి ఈ మాటకే వచ్చారు. వయసు మీద పడింది, తల పనిచేయడం లేదన్నారు. ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరు ఏవేవో అడిగాడు, వెనక నుంచి అంకెలు చెప్పమన్నాడు. అన్నీ చెప్పి, లేచేటప్పుడు అతని చొక్కా భుజం కుట్టు వంకరగా ఉందని కూడా చెప్పింది. బాగానే ఉన్నారమ్మా అన్నాడతను.

కొంతమంది బంధువులు ఇంకో మాట కూడా అన్నారు, నా ముందు కాదు. నన్నే అంటూ, సీను దింపి మరిచిపోయాడు, ఇప్పుడు ఒప్పుకోవడం లేదు అని. ఆ మాట చిన్నమ్మ వాళ్ళతో అనలేదు. కాదని కూడా అనలేదు.

నెల తర్వాత సత్తార్ సాబ్ నన్ను షెడ్డు వెనక్కి పిలిచాడు. అతను ముప్పయ్యేళ్ళు గార్డు పని చేసిన మనిషి. మాట తూచి మాట్లాడతాడు. ఆ రోజు నుంచి బండి మీదికి రావడం మానేశాడు. మోకాళ్ళ నొప్పులని చెప్పాడు, మేం నమ్మాం.

"ఒక మాట సార్. నలుగుట్ల చెప్పలేకపోయిన. ఆ ఎత్తు మీద నేను విజిల్ వేసిన. పచ్చ జెండా సూపిన. నిలిచిన బండికే గద జెండా సూపుతరు?"

బండి ఆగిందా మరి అని అడిగాను.

"అదే తెల్వదు. నిలిచింది యాద్ లేదు. చెయ్యి బయట పెట్టి జెండా సూపింది యాద్ ఉంది. తిమ్మప్ప ఎనక్కి తిరిగి సూడలే. ఖుదా కసం, ఎందుకు సూపిన్నో తెల్వదు."

రికార్డింగులో అతని విజిల్ లేదని నేను చెప్పలేదు. చెబితే అతని మొహం ఎట్లా మారుతుందో చూడటానికి మనసొప్పలేదు.

అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. భయమని కూడా అనలేను. ఇంట్లో నడుస్తుంటే ఒక మెట్టు తక్కువైనట్టు ఉండేది. బండి ఆగలేదనడానికి తిమ్మప్ప ఉన్నాడు, పద్మ ఉంది, రికార్డింగు ఉంది. ఆగిందనడానికి నేను, సత్తార్ సాబ్, చిన్నమ్మ. ఆగని బండి నుంచి చేతికర్ర లేకుండా, గొలుసు తీయకుండా, మెట్లు లేకుండా, చీర నలగకుండా ఆమె నేల మీదికి ఎట్లా వచ్చిందనేది ఏ వైపు లెక్కకూ దొరకలేదు.

ఆ చోట గురించి కూడా వాకబు చేశాను. పట్టాలు వేసిన రోజుల్లో పనిచేసిన ఇద్దరు ముసలివాళ్ళను వెతికి పట్టుకున్నాను. అక్కడ ప్రమాదమేదైనా జరిగిందా, ఎవరైనా చనిపోయారా అని అడిగాను. ఏమీ జరగలేదన్నారు. అంతకుముందు అది తొగరి చేను, అంతే. నా జన్మలో అలాంటి ప్రశ్న అడుగుతాననుకోలేదు. జవాబు లేదని నిరాశపడతాననీ అనుకోలేదు.

ఆ తర్వాత రెండేళ్ళకు గుట్టబండి ఆగిపోయింది. తిమ్మప్పకు చూపు మందగించింది, బసవరాజుకు బదిలీ అయింది, పట్టాలకు అడ్డంగా కొత్త రోడ్డు వచ్చింది. ఇంజను ఇప్పుడు ఒక గట్టు మీద రంగులేసుకుని నిలబడి ఉంది. నేను దాని దగ్గరికి పోను.

చిన్నమ్మ కళ్ళకు దారం కనిపించడం తగ్గాక మిషను అమ్మేసి మా ఇంటికి వచ్చేసింది. ఆ రోజు గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. ఒక్కసారే ఆమె తనంతట తాను ఎత్తింది. నేను డ్యూటీ నుంచి వచ్చి పెరట్లో చేతులు కడుక్కుంటున్నాను. గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

"ఆ దినం నీ చేతులు సాఫ్ ఉండె," అంది.

నీళ్ళు కట్టేశాను.

"పొద్దుగాల మసి మసి ఉండె. నాకు చెయ్యిచ్చినప్పుడు సాఫ్ ఉండె. కడుక్కోనీకి నీళ్ళు యాడ దొరికె అనుకున్న. అందుకే నీళ్ళు తెస్త అంటే నమ్మిన."

నేను కాదు చిన్నమ్మా అన్నాను.

"మొకం నీదే," అంది. "మాట నీదే. నేను పెంచినోన్ని నేను ఆనవాలు పట్టనా?"

అని లేచి లోపలికి పోయింది. కోపం లేదు. నేను ఏదో ఒకరోజు ఒప్పుకుంటానని, అప్పటిదాకా ఆగుదామని అనుకుంటున్నట్టు ఉంది ఆమె తీరు.

ఇప్పుడు ఆమెకు డెబ్బై దాటాయి. ఎక్కడికి పోయినా నేనే తీసుకెళ్తాను. బస్సు దిగేటప్పుడు, ఆటో దిగేటప్పుడు ముందు నేను దిగి చెయ్యి అందిస్తాను. ఆమె వెంటనే పట్టుకోదు. మెట్టు మీదే నిలబడి ముందు నా మొహం చూస్తుంది. వెనక దిగేవాళ్ళు తొందరపెడుతుంటారు. కండక్టరు అరుస్తాడు. ఆమె చూడటం పూర్తయ్యాకే చెయ్యి పట్టుకుంటుంది.

ఆ రోజు దింపింది నేను కాదని ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి దగ్గర దాకా వెళ్ళాను కూడా. కానీ నేను దిగలేదనడానికి నా జ్ఞాపకం తప్ప నా దగ్గర ఏముంది? ఆ జ్ఞాపకమే బండి ఆగిందని కూడా చెబుతోంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.